మంచాల లెక్కలో నర్సమ్మ



ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ మీదుగా పట్నంలోకి వచ్చే బస్సులను పొద్దున ఆరింటప్పుడు చూడండి. కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు, షిఫ్టుకు పోయే కార్మికులు. వాళ్ళ మధ్య భుజాన సంచీ, సంచీలో మడతపెట్టిన యూనిఫారం, టిఫిను డబ్బాతో నిలబడ్డ అమ్మాయి ఒకతె తప్పక వుంటుంది. మార్నింగ్ డ్యూటీ నర్సు. 2024 మార్చి నుంచి లింగంపల్లి వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. రైలు కూడా ఘట్‌కేసర్ దాకా వచ్చింది. దారులు పెరిగాయి, ఆస్పత్రులూ పెరిగాయి. ఉప్పల్‌లో, నాచారంలో, బోడుప్పల్‌లో నర్సింగ్ హోం బోర్డులకు కొదవలేదు. "నర్సులు కావలెను" అన్న కాగితం కూడా ఎక్కడో ఒక గోడకు అంటించే వుంటుంది.

అయినా నర్సింగ్ చదివించిన తల్లులు అడిగే ప్రశ్నలు రెండే రెండు. మా పిల్లకు నిలకడైన ఉద్యోగం ఎందుకు దొరకదు? దొరికిన చోట మొదటి రోజున ఏ వార్డులో వేశారో, పదేళ్ళయినా ఆ వార్డులోనే ఎందుకు వుండిపోవాలి? యీ రెండూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గాని, నా మటుకు నాకు రెండింటికీ మూలం ఒకటేనని తోస్తుంది. మన దేశంలో నర్సు ఉద్యోగాన్ని మొదటి నుంచీ మంచాలతో కొలిచారు. ఆమె చేతికి వచ్చిన విద్యతో కొలవలేదు. యీ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే కాస్త వెనక్కు వెళ్ళాలి.

మన అమ్మమ్మల కాలంలో పురుడు పోసేది మంత్రసాని. ఆమెకు ఆస్పత్రి లేదు, మంచం లేదు, నౌకరీ లేదు. కబురు పెడితే వచ్చేది, బిడ్డను చేతికిచ్చి, చీరో ధాన్యమో పుచ్చుకుని వెళ్ళేది. నర్సు అలా పుట్టలేదు. ఆమె ఆస్పత్రితోపాటే పుట్టింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుమీద లండనులో నర్సుల బడి 1860లో మొదలయింది. మద్రాసులో మంత్రసానుల శిక్షణ కోసం ప్రభుత్వం 1854లోనే బడి మంజూరు చేసింది. జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ 1871లో వచ్చింది. చూశారా, కాన్పు పని ఒక బడిలో, రోగి సేవ మరొక బడిలో. యిప్పటికీ మన నర్సుల రిజిస్ట్రేషన్‌లో "రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్" అని రెండు మాటలు వుంటాయి. ఆ రెండు మాటలు రెండు దారుల్లో వచ్చి కలిసినవి. యీ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పని పడుతుంది.

తెలుగునాట యీ చదువును గడప దాటించింది ఎక్కువగా మిషన్ ఆస్పత్రులు. అమెరికా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. అక్కడ ఆమె ఆస్పత్రి 1898లో తెరిచారు. డాక్టరు ఒక్కతె వుంటే ఆస్పత్రి నడవదు కదా. చేయి అందించే ఆడపిల్లలు కావాలి. మన "మర్యాదస్తుల" యిళ్ళలోంచి ఎవరు పంపుతారు? పరాయి మగవాడి నాడి పట్టుకోవాలి, రాత్రిళ్ళు మేలుకోవాలి, అంటూ ముట్టూ అనకుండా మలమూత్రాలు ఎత్తాలి. అందుకు ముందుకు వచ్చింది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వారిలోనూ చాలామంది అణగారిన కులాల నుంచి వచ్చినవారు. మన సమాజం వారి చేత సేవ చేయించుకుంది, వారిని చిన్నచూపూ చూసింది. నర్సు అనగానే సంబంధాలు వెనక్కి పోయే రోజులు మనలో పెద్దవాళ్ళకు యింకా జ్ఞాపకమే.

అప్పటి ఉద్యోగం తీరు కూడా చెప్పుకోవాలి. నర్సుకు జీతంతోపాటు క్వార్టర్సులో ఒక మంచం యిచ్చేవారు. ఆ మంచం పెళ్ళికాని పిల్లకే. పెళ్ళయితే మంచం ఖాళీ చేయాలి, అంటే ఉద్యోగమూ ఖాళీ చేసినట్టే. యింకొకటి. శిక్షణలో వున్న పిల్లలే వార్డులు నడిపేవారు. చేతిలో స్టైపెండు పెట్టి మూడేళ్ళు చాకిరీ చేయించుకుంటే, వాళ్ళు పాసయి వెళ్ళేసరికి కొత్త పిల్లలు దిగేవారు. చదువు పూర్తయిన నర్సును పూర్తి జీతం మీద పెట్టుకునే అవసరం ఆస్పత్రికి ఎంతవరకు వుంటుంది? నర్సింగ్ బడి పెట్టడానికీ, నర్సుకు ఉద్యోగం యివ్వడానికీ మధ్య వున్న యీ అగాధం నిన్నా మొన్నా వచ్చింది కాదని చెప్పడానికే యింత చెప్పాను.

1908లో నర్సులు కూడి తమ సంఘం పెట్టుకున్నారు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ అన్నది అదే. అదే సంవత్సరం యిక్కడ మూసీ వరద వచ్చి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ముంచేసింది. ఆ తరువాత ఏడో నిజాము కాలంలో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. ఘట్‌కేసర్, ఉప్పల్ అప్పుడు నిజాము రాజ్యంలోవి కదా. కోస్తా, రాయలసీమ నర్సులకు 1926 మద్రాసు చట్టం కింద రిజిస్టరు ఏర్పడింది, యీ దిక్కు వ్యవహారం వేరు. ఒక రాజ్యంలో నర్సు మరొక రాజ్యంలో నర్సు కాదన్న పరిస్థితి. యిప్పటికీ ఆ జాడ పోలేదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరయిన పిల్ల పెళ్ళి చేసుకుని మరొక రాష్ట్రానికి వెళ్తే అక్కడి కౌన్సిలులో మళ్ళీ పేరు ఎక్కించుకోవలసిందే. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు మన పిల్లలకు యీ కాగితాల పని బాగా అనుభవమైంది.

స్వరాజ్యం వచ్చే ముందు భోర్ కమిటీ వేశారు. 1946లో నివేదిక యిచ్చింది. అప్పటి దేశం మొత్తానికి ఏడు వేల మంది నర్సులు, అంటే 43 వేల మందికి ఒక్క నర్సు. ఆ లెక్క చూసి పెద్దలు దిగ్భ్రమ చెందారు. 1947 డిసెంబరు 31న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే పాఠ్యక్రమం, ఒకే కొలత. నర్సింగూ మంత్రసానితనమూ ఒకే చదువులో కలిశాయి. ఆపరేషన్ థియేటరు, పిల్లల వార్డు, పురుడు గది, మానసిక రోగుల వార్డు, అన్నీ తిరిగి నేర్చుకున్న పిల్ల "జనరల్" నర్సు. ఆ రోజులకు అది మంచి ఏర్పాటే. నర్సులే లేని దేశంలో ఒక్క మనిషి అన్ని పనులూ చేయగలిగితేనే గదా గట్టెక్కేది.

మరి ఉద్యోగం? ఉద్యోగం మంచాన్ని బట్టి. బోధనాస్పత్రి అయితే మూడు మంచాలకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రి అయితే ఐదు మంచాలకు ఒక నర్సు అని కౌన్సిలు కొలత చెప్పింది. కొలత చెప్పడం వేరు, పోస్టు మంజూరవడం వేరు. ఆర్థిక శాఖ సంతకం పడనిదే పోస్టు పుట్టదు. మంచాల మధ్య నేల మీద చాపలు పరిచి రోగులను పడుకోబెట్టినా, ఆ చాపలు లెక్కలోకి రావు. అంచేత ఆస్పత్రికి నర్సు అవసరం వుంటుంది, బయట చదువుకున్న నర్సు ఖాళీగా వుంటుంది, రెండూ ఏకకాలంలో నిజమే.

మన నాచారం, ఉప్పల్ వైపు పారిశ్రామికవాడలు వచ్చాక కొత్త దారి ఒకటి తెరుచుకుంది. ఈ.ఎస్.ఐ. చట్టం 1948లో చేశారు, పథకం 1952 ఫిబ్రవరిలో కాన్పూరులో, ఢిల్లీలో మొదలయింది. కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని నుంచి కొంత జమచేసి వైద్యం యిచ్చే ఏర్పాటు. నాచారం ఈ.ఎస్.ఐ. ఆస్పత్రి ఆ చలవే. ఫ్యాక్టరీలో చేయి నలిగినవాడు, ఫర్నేసు దగ్గర కాలినవాడు, రంగుల వాసనకు ఆయాసం పట్టినవాడు. యిలాంటి రోగులతో పదేళ్ళు పనిచేసిన నర్సుకు వచ్చే నేర్పు ఏ పుస్తకంలోనూ వుండదు. కాని ఆ నేర్పుకు పేరు లేదు. రికార్డులో ఆమె "స్టాఫ్ నర్సు", అంతే. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో వార్డులు మారుస్తూ వుంటారు నిజమే. మేట్రన్ రోస్టరు వేస్తుంది, నర్సు మారుతుంది. అది ఆమె కోరుకున్న మార్పు కాదు. థియేటరులో చేయి తిరిగిన మనిషిని పిల్లల వార్డుకు, అక్కడ అలవాటు పడ్డాక క్యాజువాలిటీకి. ప్రైవేటులో మారుద్దామన్నా మార్చరు, ప్రభుత్వంలో వద్దన్నా మారుస్తారు. రెండు చోట్లా ఆమెను అడిగేవారు లేరు.

యిక్కడ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేను. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన తల్లి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు, భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు రెండేళ్ళలో మెట్రిక్ గట్టెక్కేలా 1958లో సంక్షిప్త కోర్సులు ప్రారంభించారు. ఆ మెట్రిక్ దేనికి? నర్సింగు, మంత్రసానితనం, పంతులమ్మ ఉద్యోగం, వీటిలో చేరడానికి అర్హత కోసం. అంటే ముప్పై దాటిన ఆడదానికి కూడా బతుకుదారి మార్చుకునే హక్కు వుందని యాభైలలోనే గుర్తించిన మనిషి ఆమె. యిప్పుడు మనం ఒక వార్డు నుంచి యింకో వార్డుకు మారడం గురించి తంటాలు పడుతున్నాం!

పల్లెల సంగతి మరో తీరు. ఎ.ఎన్.ఎం. అమ్మను మీరందరూ ఎరుగుదురు. ఘట్‌కేసర్ చుట్టుపక్కల పల్లెల్లో నలభై ఏళ్ళ కిందట ఆమె సంచీ కనబడితే పిల్లలు సూది భయంతో పారిపోయేవారు. ఆమెకు నేర్పిన అసలు విద్య కాన్పు చేయడం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో జబ్బుకు ఒక్కో ఉద్యోగి ఎందుకు, అన్నీ చూసే బహుళార్థ కార్యకర్త వుంటే చాలదా అంది. దాంతో ఎ.ఎన్.ఎం. "మల్టీపర్పస్ హెల్త్ వర్కర్" అయింది. మలేరియా రక్తపు చుక్కలు, టీకాలు, కుటుంబ నియంత్రణ కోటాలు, రిజిస్టర్లు. పురుడు పోసే చేయి క్రమంగా కలం పట్టింది. చూడండి, ఆమె శాఖ మొత్తం మారిపోయింది. తానుగా మార్చుకోవాలంటే, అంటే ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే మాత్రం మళ్ళీ మొదటి నుంచి జి.ఎన్.ఎం. చదవాలి. సర్కారు మార్చాలనుకుంటే ఒక జి.ఓ. చాలు, ఆమె మారాలనుకుంటే మూడేళ్ళు కావాలి.

1988లో జూబిలీహిల్స్‌లో అపోలో వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్లు, డయాలిసిస్‌లు, క్యాన్సరు వైద్యం పేదలకూ అందాయి, ఆస్పత్రులూ ఆ వైపు పెరిగాయి. ఐ.సి.యు., క్యాథ్ ల్యాబు, పసికందుల ఐ.సి.యు. "జనరల్" నర్సు చాలదు, ఆ యంత్రాల మధ్య పనిచేసిన నర్సు కావాలన్నారు. అక్కడే చిక్కు బిగిసింది. కొత్తగా పాసయిన పిల్లను "అనుభవం వుందా?" అంటారు. ఎవరూ పెట్టుకోనిదే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? సరే, డయాలిసిస్‌లో చేరి ఐదేళ్ళు చేసిందనుకుందాం. పిల్లల ఐ.సి.యు.కు మారాలని వుంది. అక్కడ మళ్ళీ కొత్త పిల్లే, కొత్త పిల్ల జీతమే. వున్న చోట మేనేజిమెంటు కూడా కదలనివ్వదు, మిషన్ తెలిసిన మనిషిని వదులుకుంటే కొత్తమ్మాయికి ఎవరు నేర్పుతారు? పని బాగా వచ్చినదే సంకెల అయిపోతుంది.

దారి లేదా అంటే వుంది, కాగితం మీద. క్రిటికల్ కేర్, ఆపరేషన్ రూము, పసికందుల సంరక్షణ, క్యాన్సరు, మానసిక వైద్యం వంటి శాఖల్లో నర్సింగ్ కౌన్సిలు ఒక ఏడాది డిప్లొమాలు ఏర్పరిచింది. 2017లో క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ళ పై చదువూ వచ్చింది. మంచివే. కాని యింటి అద్దె, పిల్లల ఫీజు కట్టుకునే నర్సు ఏడాదిపాటు జీతం లేకుండా ఎలా వుంటుంది? వుండి చదివినా, దానికి తగిన వేరే పోస్టూ వేరే జీతమూ మన జాబితాలో ఎక్కడున్నాయని?

జీతం మాట వచ్చింది కనుక మంచాల లెక్క మళ్ళీ చూడండి. నర్సుల సంఘం కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశించగా కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 100 దాటితే అందులో పదో వంతుకు మించి తగ్గరాదు, 50 నుంచి 100 అయితే పావు వంతుకు మించి తగ్గరాదు, 50 లోపు అయితే నెలకు 20 వేలకు తగ్గరాదు అని సిఫారసు చేశారు. న్యాయమైన ప్రయత్నమే. కాని గమనించారా? ఒకే విద్య, ఒకే రాత్రి డ్యూటీ, జీతం మాత్రం పక్కన ఎన్ని మంచాలున్నాయన్న దాన్ని బట్టి! పైగా దాన్ని అమలు చేయవలసింది రాష్ట్రాలు. సిఫారసు కాగితం పట్టుకుని మీ వీధి చివర నర్సింగ్ హోంలో అడిగి చూడండి, ఏమంటారో.

యిక సర్కారీ ఉద్యోగం. 2017లో 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ నియామకాలు ఏళ్ళ తరబడి సాగాయి. యీలోగా కోవిడ్ వచ్చింది. ఔట్‌సోర్సింగు మీద నర్సులను తీసుకున్నారు. పి.పి.ఇ. కిట్లలో చెమటలు కక్కుతూ పనిచేసిన వారిలో 1,640 మందిని 2021 జూలైలో యిక అక్కర్లేదన్నారు. చప్పట్లు కొట్టి దీపాలు పెట్టిన జనమే వాళ్ళు రోడ్డుమీద కూర్చుంటే పక్కనుంచి వెళ్ళిపోయారు. 2022 డిసెంబరు చివర 5,204 పోస్టులకు ప్రకటన పడింది, తరువాత 7,094కు పెంచారు. 2023 ఆగస్టులో పరీక్ష జరిగింది, 2024 జనవరి 31న ఎల్.బి. స్టేడియంలో 6,956 మందికి ఉత్తర్వులు యిచ్చారు. అదే ఏడు సెప్టెంబరులో మరో 2,050 పోస్టులు ప్రకటించారు. వేల కుటుంబాల్లో దీపం వెలిగిందంటే అతిశయోక్తి కాదు.

ఆ మార్కుల లెక్క మాత్రం మీరు తెలుసుకోవాలి. నూటికి 80 మార్కులు రాతపరీక్షకు. 20 మార్కులు సర్వీసుకు. ఎలాంటి సర్వీసు? ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు సర్వీసు. ఆరు నెలలకు రెండు మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. చాలీచాలని జీతంతో సర్కారు దవాఖానలో నలిగినవారికి అది దక్కవలసిందే, దాన్ని నేను తప్పు పట్టను. కాని ఉప్పల్‌లో ప్రైవేటు ఐ.సి.యు.లో ఎనిమిదేళ్ళు వెంటిలేటర్ల మధ్య నిలబడ్డ నర్సుకు దక్కేది సున్న. ఆమె అనుభవం యిక్కడ చెల్లని రూపాయి.

ఘట్‌కేసర్ దాటగానే బీబీనగర్. అక్కడ ఎయిమ్స్ వచ్చింది, 2019లో చదువులు మొదలయ్యాయి. రైల్లో కూర్చుంటే పక్క స్టేషనే గాని, ఉద్యోగానికి పోటీ మాత్రం ఢిల్లీ, పాట్నా, జైపూరు పిల్లలతో. నార్‌సెట్ అనే అఖిల భారత పరీక్ష. బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారు నేరుగా రాయవచ్చు. జి.ఎన్.ఎం. డిప్లొమావారికి రెండేళ్ళ అనుభవం కావాలి, అదీ 50 మంచాలకు తగ్గని ఆస్పత్రిలో. మన దగ్గర ముప్పై మంచాల నర్సింగ్ హోంలో ఆరేళ్ళు చేసిన పిల్ల ఆ గడప ఎక్కలేదు. పెద్దాస్పత్రిలో అయితే ఒక పనే చేస్తుంది, చిన్నచోట పురుడూ ఆపరేషనూ క్యాజువాలిటీ అన్నీ తానే. ఏ చేతికి ఎక్కువ విద్య అబ్బుతుందో మీరే చెప్పండి. మంచాలు తక్కువయ్యాయి, అంతే ఆమె నేరం.

యింత చెప్పాక ఒక మంచి కబురూ చెప్పాలి. ముందు గుర్తుంచుకోమన్నాను కదా, రిజిస్ట్రేషన్‌లో రెండో మాట, మిడ్‌వైఫ్. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆస్పత్రివారు 2011లో మిడ్‌వైఫరీ శిక్షణ వేరుగా ప్రారంభించారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం వారితో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. కోతలు లేకుండా సహజమైన కాన్పు చేయించే విద్య. మరుసటి ఏడు కేంద్రం కూడా యిలాంటి శిక్షణకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సర్కారు నర్సు ఉద్యోగం వదలకుండా తన శాఖను తానే ఎంచుకుని మారడం మన వైపు యిలా సాధ్యమైంది. 1940లలో కలిపిన రెండు దారులను మళ్ళీ విడదీస్తున్నారు, నాకది ముచ్చటగానే వుంది. కాకపోతే ఆ విద్య నేర్చిన నర్సును రేపు బదిలీ పేరుతో ఎముకల వార్డులో వేయకుండా చూడటం ఎవరి బాధ్యతో రూళ్ళలో స్పష్టంగా రాయాలి. పార్లమెంటు 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, పాత 1947 చట్టం స్థానంలో. పేరులో రెండు మాటలూ విడివిడిగా వున్నాయి. పోస్టుల పట్టికలోనూ విడివిడిగా వస్తాయా అన్నదే చూడాలి.

మీ యింట్లో నర్సింగ్ చదివే పిల్ల వుంటే యిప్పుడే చేయగలిగిన పనులు కొన్ని వున్నాయి. చేరేముందు ఆ ఆస్పత్రికి ఎన్ని మంచాలకు రిజిస్ట్రేషను వుందో అడగండి, సిగ్గుపడకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టవద్దు, నకళ్ళు యివ్వండి. మొదటి ఏడాదిలో కనీసం రెండు మూడు వార్డులు తిప్పుతారా అని మాట తీసుకోండి. కౌన్సిలులో రిజిస్ట్రేషను ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, పెళ్ళి హడావుడిలో చాలామంది మరిచిపోతారు. యింకా, సర్వీసు సర్టిఫికెట్టులో "స్టాఫ్ నర్సుగా పనిచేసినది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు. ఏ వార్డులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అప్పుడు ఆ ఆస్పత్రికి ఎన్ని మంచాలు, యివన్నీ వుండాలి. ఆ కాగితం ఉద్యోగం మానేసే రోజున అడిగితే యివ్వరు. వార్డు మారిన వారంలోనే నర్సింగ్ సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించుకోమనండి.